మంథని నుంచి సుప్రీంకోర్టు దాకా: అట్రాసిటీ కేసు ఎక్కడ నిలబడుతోంది, ఎక్కడ పడిపోతోంది

2021 ఫిబ్రవరి 17న మంథని కోర్టులో పని ముగించుకొని హైదరాబాద్‌కు తిరిగి వెళ్తున్న న్యాయవాద దంపతులు గట్టు వామన్‌రావు, నాగమణిలను పెద్దపల్లి జిల్లా రామగిరి మండలం కల్వచర్ల దగ్గర పట్టపగలు నరికి చంపారు. రోడ్డు మీద బస్సులు ఆగి ఉన్నాయి. జనం చూశారు, ఫోన్లలో వీడియోలు తీశారు. అంతకు తొమ్మిది నెలల ముందు, 2020 మేలో, మంథని పోలీస్ స్టేషన్‌లో ఒక దళితుడు చనిపోతే హైకోర్టుకు లేఖ రాసింది నాగమణే. పోలీసులు ఆత్మహత్య అన్న ఆ మరణంపై హైకోర్టు ఆమె లేఖను ప్రజాప్రయోజన వ్యాజ్యంగా తీసుకొని, హైదరాబాద్ పోలీస్ కమిషనర్ స్థాయి అధికారితో విచారణ చేయించింది. దంపతుల హత్య కేసును 2025 ఆగస్టు 12న సుప్రీంకోర్టు సీబీఐకి అప్పగించింది. హత్యకు కారణమేమిటో తేల్చాల్సింది ఆ దర్యాప్తే కాబట్టి మేం ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.

మంథని పేరు కోర్టు కాగితాల్లోకి ఎక్కడం అది మొదటిసారి కాదు. 2017 మార్చిలో మంథని మండలం ఖానాపూర్‌కు చెందిన ఒక దళిత యువకుడు శవమై దొరికాడు. పురుగుల మందు తాగి చనిపోయాడని పోలీసులు అన్నారు. వేరే కులం అమ్మాయిని ప్రేమించినందుకు చంపారని కుటుంబం అన్నది. దళిత సంఘాలు, పౌరహక్కుల సంఘాలు ఆందోళన చేశాక, ఏప్రిల్‌లో ఉమ్మడి హైకోర్టు రీపోస్టుమార్టానికి ఆదేశించింది. పూడ్చిన శవాన్ని మళ్లీ తవ్వి తీశారు.

ఈ ఘటనల తర్వాత మా దగ్గరకు వచ్చే విద్యార్థులు, ఊళ్లలో పనిచేసే కార్యకర్తలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అట్రాసిటీ చట్టం ఇంత గట్టిగా ఉంటే కేసులు ఎందుకు పడిపోతున్నాయి? సుప్రీంకోర్టు చట్టాన్ని బలహీనం చేసిందా, బలపరిచిందా? ఈ రెండో ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. ఒకే కోర్టు ఒక సెక్షన్‌ను గట్టిగా పట్టుకొని, ఇంకో సెక్షన్‌ను సన్నగా చెక్కింది. ఏ సెక్షన్‌కు ఏమైందో తెలియకుండా ఫిర్యాదు రాస్తే, రాసిన రోజే కేసు సగం పోయినట్టు.

చట్టం మీద 2018లో జరిగింది

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చి, 1990 జనవరి 30 నుంచి అమల్లోకి వచ్చింది. నిబంధనలు రావడానికి 1995 దాకా పట్టింది. 2016 జనవరి 26 నుంచి పెద్ద సవరణ అమల్లోకి వచ్చి నేరాల జాబితా పెరిగింది. బాధితుల హక్కుల కోసం 15ఏ అనే కొత్త సెక్షన్ చేరింది.

2018 మార్చి 20న సుభాష్ కాశీనాథ్ మహాజన్ కేసులో ఇద్దరు జడ్జీల ధర్మాసనం మూడు అడ్డుకట్టలు వేసింది. ఎఫ్ఐఆర్‌కు ముందు డీఎస్పీ ప్రాథమిక విచారణ చేయవచ్చని, ప్రభుత్వోద్యోగి అయితే నియామక అధికారి అనుమతి, మామూలు మనిషి అయితే ఎస్‌ఎస్‌పీ అనుమతి లేకుండా అరెస్టు చేయరాదని, ముందస్తు బెయిల్‌పై నిషేధం సంపూర్ణం కాదని చెప్పింది. ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది. చాలా రాష్ట్రాల్లో ప్రాణాలు పోయాయి. ఆగస్టులో పార్లమెంటు 18ఏ సెక్షన్ చేర్చింది: ఎఫ్ఐఆర్‌కు ప్రాథమిక విచారణ అక్కర్లేదు, అరెస్టుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, ముందస్తు బెయిల్ నిబంధన వర్తించదు. 2019 అక్టోబర్ 1న ముగ్గురు జడ్జీల ధర్మాసనం రివ్యూలో పాత ఆదేశాలను వెనక్కి తీసుకుంది. 2020 ఫిబ్రవరి 10న పృథ్వీరాజ్ చౌహాన్ కేసులో 18ఏ చెల్లుతుందని చెప్పింది. అయితే అదే తీర్పులో, ఫిర్యాదు చదివితే పైకి కూడా నేరం కనపడకపోతే ముందస్తు బెయిల్ ఇవ్వవచ్చని ఒక కిటికీ తెరిచి ఉంచింది. తర్వాతి ఐదేళ్ల వాదనంతా ఆ కిటికీ ఎంత వెడల్పు అన్నదే.

2024 ఆగస్టు 23న షాజన్ స్కారియా కేసులో కిటికీ కాస్త పెద్దదైంది. కేరళలో ఒక యూట్యూబ్ ఛానల్ నిర్వాహకుడు ఒక దళిత ఎమ్మెల్యేపై అవమానకరమైన వీడియో పెట్టాడన్న ఫిర్యాదు అది. దళితుడిని అవమానించడం వేరు, దళితుడైనందుకు అవమానించడం వేరు అని కోర్టు అన్నది. వీడియోలో కులం ఆధారంగా చేసిన అవమానం పైకి కనపడటం లేదంటూ ముందస్తు బెయిల్ ఇచ్చింది. 2025 సెప్టెంబర్ 1న కిరణ్ వర్సెస్ రాజ్‌కుమార్ జీవరాజ్ జైన్ కేసులో కిటికీ మళ్లీ కుంచించుకుంది. మహారాష్ట్రలో ఎన్నికల తర్వాత, తాము చెప్పినట్టు ఓటు వేయలేదని ఒక దళిత కుటుంబంపై ఇంటి ముందే దాడి చేసి కులం పేరుతో తిట్టారన్న కేసు. బొంబాయి హైకోర్టు ముందస్తు బెయిల్ ఇస్తే, ప్రధాన న్యాయమూర్తి గవాయ్ నాయకత్వంలోని ధర్మాసనం దాన్ని రద్దు చేసింది. బెయిల్ దశలో సాక్ష్యాలను తూకం వేసి చిన్నపాటి విచారణ నడపడం తగదని, ఎఫ్ఐఆర్‌లో ఉన్నది ఉన్నట్టు చదివి చూడాలని చెప్పింది.

ఈ రెండు తీర్పులూ పక్కపక్కనే బతుకుతున్నాయి. ఎఫ్ఐఆర్‌లో కులం ప్రస్తావన ఎంత స్పష్టంగా ఉంటే కిరణ్ తీర్పుకు అంత దగ్గర, ఎంత పలచగా ఉంటే షాజన్ స్కారియాకు అంత దగ్గర. ఆ ఎఫ్ఐఆర్ రాసేది ఎక్కువసార్లు చదువురాని బాధితుడు కాదు, స్టేషన్‌లో కూర్చున్న రైటర్. ఈ సంగతి తీర్పుల్లో రాయరు.

జనం చూస్తుండగా

ఎక్కువ కేసులు పడిపోయే చోటు ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాం. సెక్షన్ 3(1)(ఆర్) ప్రకారం అవమానించాలన్న ఉద్దేశంతో చేసిన అవమానం, బెదిరింపు నేరం. 3(1)(ఎస్) ప్రకారం కులం పేరుతో తిట్టడం నేరం. రెండింటికీ ఉమ్మడి షరతు, అది జనం కంటపడే చోట జరగాలి. చట్టం వాడిన మాట బహిరంగ ప్రదేశం కాదు, జనం కంటపడే ఏ ప్రదేశమైనా. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని కేసంతా దీని మీదే తిరుగుతుంది.

2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను విడమరచి చెప్పింది. ఢిల్లీలో ఒక డ్రైవర్‌ను ఇంటి గేటు దగ్గర కారు పక్కన నిలబడి ఉండగా కులం పేరుతో తిట్టారు. గేటు సొంత ఆస్తే అయినా దారిన పోయేవాళ్లకు కనపడుతుంది, కాబట్టి అది జనం కంటపడే చోటే అని కోర్టు అన్నది. ఇంటి ముందు ఉన్న పచ్చిక రోడ్డు నుంచి కనపడితే అదీ అంతే. గదిలోపల జరిగితే మాత్రం అక్కడ బయటివాళ్లు ఉండాలి, బంధుమిత్రులు మాత్రమే ఉంటే సరిపోదు. 2020 నవంబర్ 5న హితేశ్ వర్మ కేసులో ఈ చివరి ముక్కనే పట్టుకొని, ఉత్తరాఖండ్‌లో భూతగాదా మధ్య ఇంటి నాలుగు గోడల మధ్య జరిగిన తిట్లకు ఈ సెక్షన్ వర్తించదని అభియోగాన్ని కొట్టేసింది. 2025 జనవరి 31న కరుప్పుదయార్ కేసులో తమిళనాడుకు చెందిన ఒక రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌ను ఆయన ఆఫీసు గదిలోనే కులం పేరుతో తిట్టారని ఫిర్యాదు. తోటి ఉద్యోగులు తర్వాతే లోపలికి వచ్చారని ఎఫ్ఐఆర్‌లోనే ఉంది. కోర్టు కేసు కొట్టేసింది.

ఇప్పుడు పెద్దపల్లి జిల్లాలోని ఏ ఊరైనా తీసుకోండి. వాడ ఊరికి ఒక పక్కన ఉంటుంది. వాడలోకి వచ్చి తిడితే చూసేవాళ్లంతా అన్నదమ్ములు, వియ్యంకులు, మేనమామలు. ఇంటి ముందు చెప్పులు విడిచి కూర్చున్న పదిమందిలో తొమ్మిదిమంది చుట్టాలే. ఊళ్లోకి వెళ్లినప్పుడు దొర ఇంటి ముందో, రేషన్ దుకాణం దగ్గరో తిడితే చూసినవాళ్లు బయటివాళ్లే, కానీ వాళ్లు సాక్ష్యం చెప్పరు. చెబితే తెల్లారి నుంచి పనికి పిలవరు. బంధువులు మాత్రమే ఉంటే సరిపోదన్న మాటను మన ఊళ్ల మీద పెట్టి చదివితే, చట్టం అడిగే సాక్షి ఊళ్లో దొరకని సాక్షి అని మాకు తోస్తోంది. ఏ తీర్పూ ఈ సంగతిని పట్టించుకోలేదు. అయితే ఆ షరతు గదిలోపల, గోడల మధ్య జరిగిన ఘటనలకు చెప్పిందేనని వాదించే చోటు స్వరణ్ సింగ్ తీర్పులోనే ఉంది. వాకిట్లో, గల్లీలో, బోరింగు దగ్గర జరిగితే అది దారిన పోయేవాళ్లకు కనపడే చోటు, చూసినవాళ్లు ఎవరన్నది తర్వాతి సంగతి. కిరణ్ తీర్పు కూడా ఇంటి బయట జరిగిన దాడిని జనం కంటపడే చోటు కిందే లెక్కించింది.

అందుకే ఫిర్యాదులో ఎక్కడ జరిగిందో రాసే వాక్యం ముఖ్యం. ఇంటి దగ్గర తిట్టారు అని రాస్తే లోపలా బయటా తేలదు. ఇంటి ముందు సీసీ రోడ్డు మీద, పక్కింటివాళ్లు, పాల కోసం వచ్చిన ఫలానా కులం మనిషి చూస్తుండగా అని రాస్తే తేలుతుంది. ఏమని తిట్టారో ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయాలి. రమేశ్ చంద్ర వైశ్య కేసులో 2023 మే 19న సుప్రీంకోర్టు, చార్జిషీట్‌లో కులం పేరుతో తిట్టారని ఉంది గాని ఏ మాటలు అన్నారో లేదని, అక్కడ బయటివాళ్లు ఉన్నట్టూ లేదని కేసు కొట్టేసింది. బూతు మాట కాగితం మీద పెట్టడానికి మన ఆడవాళ్లు సిగ్గుపడతారు. ఆ సిగ్గు నిందితుడికి పనికొస్తుంది.

ఇంకో పాత మెలిక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే వచ్చింది. 2008లో గోరిగె పెంటయ్య కేసులో, నిందితుడు ఎస్సీ, ఎస్టీ కాదని ఫిర్యాదులో ఎక్కడా లేదన్నది కేసు కొట్టేయడానికి కోర్టు చూపిన కారణాల్లో ఒకటి. ఊళ్లో ఎవరు ఏ కులమో అందరికీ తెలిసినా కాగితానికి తెలియదు. ఫిర్యాదుదారుడి కులం, నిందితుడి కులం రెండూ మొదటి పేరాలోనే ఉండాలి.

ఫోన్ కూడా జనం కంటపడే చోటేనా అని విద్యార్థులు ఎక్కువగా అడుగుతున్నారు. 2022లో కేరళ హైకోర్టు, ఆన్‌లైన్‌లో పెట్టిన వీడియో ఎవరు ఎప్పుడు చూసినా జనం కంటపడినట్టే అని చెప్పింది. వాట్సాప్ గ్రూపు మాటకు వస్తే గ్రూపులో ఎవరెవరున్నారో చూడాలి. ఊరి గ్రూపు అయితే వాదన బలంగా ఉంటుంది. స్క్రీన్‌షాట్‌తో పాటు సభ్యుల జాబితా కూడా తీసి పెట్టుకోవడం మంచిది.

కులం తెలిసి, కులం వల్ల

హత్య, అత్యాచారం వంటి పదేళ్లు, అంతకు మించిన శిక్ష పడే నేరాలకు 3(2)(వి) కింద జీవితఖైదు పడుతుంది. పాత మాటల ప్రకారం, బాధితుడు ఎస్సీ, ఎస్టీ అయినందువల్లే నేరం జరిగిందని రుజువు కావాలి. ఈ ఒక్క మాటతో ఎన్ని కేసులు పోయాయో లెక్కలేదు. మధ్యప్రదేశ్‌కు చెందిన ఖుమాన్ సింగ్ కేసులో 2019లో, పొలంలో పశువులు పడ్డాయన్న తగాదాలో దళితుడు చనిపోతే, తగాదా పశువుల గురించి గాని కులం గురించి కాదని ఈ సెక్షన్ కింద శిక్ష తీసేశారు. దళితుడు తన పొలంలో పడ్డ పశువులను తోలేస్తే కొట్టి చంపగలమన్న ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందన్నది ఆ తీర్పు అడగలేదు.

2021 ఏప్రిల్ 27న పఠాన్ జమాల్ వలీ కేసులో మాత్రం ఆ ప్రశ్న దగ్గరదాకా వచ్చారు. కర్నూలు జిల్లాలో చూపులేని ఒక దళిత యువతిపై జరిగిన అత్యాచారం కేసు అది. ఆడదైనందుకా, చూపులేనిదైనందుకా, దళితురాలైనందుకా అని విడదీసి చూడటం తప్పని, మూడూ కలిసే ఆమెను ఆ స్థితిలో నిలబెట్టాయని జస్టిస్ చంద్రచూడ్ రాశారు. అత్యాచారానికి వేసిన జీవితఖైదును నిలబెట్టారు. కానీ అట్రాసిటీ చట్టం కింద శిక్షను తీసేశారు. ఘటన 2011లో జరిగింది, అప్పటి మాటల ప్రకారం కులం వల్లే అన్న రుజువు లేదన్నారు. సిద్ధాంతం గెలిచి సెక్షన్ ఓడిన కేసు ఇది. లా కాలేజీల్లో మొదటి సగమే చెబుతారు.

2016 జనవరి 26 తర్వాత జరిగిన నేరాలకు మాట మారింది. బాధితుడు ఎస్సీ, ఎస్టీ అని తెలిసి చేస్తే చాలు. దానికి తోడు సెక్షన్ 8(సి) ఉంది. నిందితుడికి బాధితుడితోనో అతడి కుటుంబంతోనో పరిచయం ఉంటే, కులం తెలిసినట్టే కోర్టు భావించాలి. తెలియదని నిరూపించుకోవలసింది నిందితుడు. ఒకే ఊళ్లో పుట్టి పెరిగినవాళ్ల మధ్య ఇది చాలా పెద్ద మార్పు. కాబట్టి 2016కు ముందరి తీర్పును ఇవాళ్టి కేసులో నిందితుడి లాయర్ చూపిస్తే, ఆ ఘటన ఎప్పటిదని ముందు అడగాలి.

ఇటుక బట్టీల మనుషులు

పెద్దపల్లి చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి వచ్చిన కూలీలు పనిచేస్తారు. వాళ్లలో దళితులు, ఆదివాసులు చాలామంది. వాళ్లమీద దాడి జరిగితే, ఒడిశా కులం తెలంగాణ జాబితాలో లేదు కాబట్టి అట్రాసిటీ వర్తించదన్న మాట వినపడుతుంది. రిజర్వేషన్ల విషయంలో ఆ మాట నిజమే. వలస వెళ్లిన రాష్ట్రంలో సొంత రాష్ట్రపు ఎస్సీ హోదాతో ఉద్యోగం అడగలేరు. కానీ రక్షణ వేరు, రిజర్వేషన్ వేరు. 2023లో బొంబాయి హైకోర్టు పూర్తి ధర్మాసనం, సొంత రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ అయిన మనిషికి దేశంలో ఎక్కడ దాడి జరిగినా ఈ చట్టం రక్షణ ఉంటుందని తేల్చింది. అది తెలంగాణ కోర్టులకు కట్టుబాటు కాదు గాని, చూపించదగ్గ తీర్పు. బట్టీ కూలీ ఊరినుంచి కుల ధ్రువీకరణ పత్రం తెప్పించుకోవడానికే నెల పడుతుంది. సీజన్ అయిపోతే మనిషే వెళ్లిపోతాడు. కాబట్టి వాంగ్మూలం మేజిస్ట్రేట్ ముందు తొందరగా రాయించడం తీర్పు కన్నా ముఖ్యం.

మతం సంగతి ఇంతకన్నా చిక్కు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, తర్వాత 1956లో చేర్చిన సిక్కులు, 1990లో చేర్చిన బౌద్ధులు మాత్రమే ఎస్సీలు. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అక్కల రామిరెడ్డి కేసులో, పాస్టర్‌గా పనిచేస్తున్న ఫిర్యాదుదారుడికి ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నా, క్రైస్తవంలోకి మారాడు కాబట్టి ఈ చట్టం రక్షణ లేదని కేసు కొట్టేసింది. గోదావరిఖని గనుల కాలనీల్లో, మంథని వాడల్లో ఆదివారం చర్చికి వెళ్లే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తిట్టేవాడు మతం అడిగి తిట్టడు. ఈ ప్రశ్నపై కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది.

అరవై రోజులు, ఏసీపీ, 15ఏ

దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తక్కువ కాని అధికారి చేయాలని 7వ నిబంధన. పెద్దపల్లి జిల్లా రామగుండం కమిషనరేట్ కింద ఉంది కాబట్టి ఇక్కడ ఏసీపీ. సీఐ, ఎస్సై దర్యాప్తు చేసి సంతకం మాత్రం ఏసీపీతో పెట్టించడం ఎక్కడైనా జరిగితే అది నిందితుడికి వరం. 2009లో చున్నీలాల్ కేసులో సుప్రీంకోర్టు, కింది స్థాయి అధికారి చేసిన దర్యాప్తు అట్రాసిటీ సెక్షన్ల వరకు చెల్లదని చెప్పింది. బాధితుడి తప్పేమీ లేకపోయినా కేసు పోతుంది. అందుకే వాంగ్మూలం ఎవరు తీసుకున్నారో, ఏ తేదీన తీసుకున్నారో కుటుంబం రాసిపెట్టుకోవాలి.

ఫిర్యాదు నోటిమాటగా చెబితే స్టేషన్‌లో రాసుకొని, చదివి వినిపించి, ఎఫ్ఐఆర్ నకలు వెంటనే ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే జిల్లా పోలీస్ అధికారికి పోస్టులో పంపవచ్చు. అరవై రోజుల్లో చార్జిషీట్ వేయాలి, ఆలస్యమైతే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. ఇవి చేయని అధికారిపై, ఆయన ఎస్సీ, ఎస్టీ కానిపక్షంలో, సెక్షన్ 4 కింద ఆరు నెలల నుంచి ఏడాది శిక్ష ఉంది. అయితే ముందు శాఖాపరమైన విచారణ సిఫారసు కావాలని అదే సెక్షన్ షరతు పెట్టింది. పోలీసు మీద పోలీసే విచారణ. ఈ సెక్షన్ ఎందుకు మూలన పడిందో వేరే చెప్పనక్కర్లేదు.

2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173(3) అనే క్లాజ్ ఉంది. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో, డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల ప్రాథమిక విచారణ చేయవచ్చని చెబుతుంది. 3(1)(ఆర్), (ఎస్) సెక్షన్లకు గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. దీన్ని చూపించి ఎఫ్ఐఆర్ ఆపే ప్రయత్నం ఎదురైతే చెప్పాల్సిన మాట ఒకటే. 18ఏ ప్రాథమిక విచారణ అక్కర్లేదంటోంది, సెక్షన్ 20 ఈ చట్టం మిగతా చట్టాల కన్నా పైన ఉంటుందంటోంది.

15ఏ గురించి కార్యకర్తలకు తెలిసినంత బాధితులకు తెలియదు. బెయిల్ సహా కోర్టులో జరిగే ప్రతి విచారణకూ బాధితుడికి ముందుగా నోటీసు ఇవ్వాలి, అతడి మాట వినాలి. రాజస్థాన్‌కు చెందిన హరిరామ్ భాంభీ కేసులో 2021 అక్టోబర్ 29న సుప్రీంకోర్టు, ఇది మర్యాదకు పెట్టిన నిబంధన కాదు, తప్పనిసరి అని చెప్పి, నోటీసు లేకుండా ఇచ్చిన బెయిల్‌ను రద్దు చేసింది. జిల్లా కోర్టుల్లో బాధితుల తరఫున వాదించే యువ న్యాయవాదులకు ఇంతకన్నా పనికొచ్చే తీర్పు మాకు కనపడలేదు. బెయిల్ వచ్చిన సంగతి నిందితుడు ఊళ్లో బండి మీద తిరిగేటప్పుడు తెలియడం మామూలైపోయింది. అలా తెలిసిన రోజే నోటీసు అందలేదని ఒక అర్జీ పడాలి. ప్రత్యేక కోర్టు ఇచ్చిన బెయిల్ మీద 14ఏ కింద హైకోర్టులో అప్పీలుకు తొంభై రోజుల గడువు ఉంది.

చార్జిషీట్ వేశాక వీలైనంతవరకు రెండు నెలల్లో విచారణ ముగించాలని సెక్షన్ 14 అంటుంది. గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకొని పోరాడితే తీర్పు 2007లో వచ్చింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది.

రాజీ

ఊళ్లో అట్రాసిటీ కేసు పడిన మర్నాటి నుంచే పెద్దమనుషులు మొదలవుతారు. మొదట కౌలు భూమి పోతుంది, తర్వాత కూలి పోతుంది, తర్వాత బతిమాలడం వస్తుంది. ఈ సాంఘిక బహిష్కారం కూడా 3(1)(జెడ్‌సీ) కింద విడిగా నేరమే. దాన్ని రెండో ఫిర్యాదుగా ఇచ్చేవాళ్లు తక్కువ. అట్రాసిటీ నేరాలు రాజీ చేసుకోదగినవి కావు. కానీ 2021 అక్టోబర్ 25న రామావతార్ కేసులో సుప్రీంకోర్టు, మధ్యప్రదేశ్‌లో ఇరుగుపొరుగు భూతగాదాలో వచ్చిన కేసును రాజీ మీద రద్దు చేసింది. కులం కారణంగా జరగని, సొంత తగాదా స్వభావం ఉన్న కేసుల్లో, రాజీ ఒత్తిడి లేకుండా కుదిరిందని తేలితేనే అలా చేయవచ్చని, మామూలుగా ఈ చట్టం కేసుల్లో కోర్టులు వెనకాడాలని కూడా అన్నది. ఈ రెండో సగం పెద్దమనుషుల నోట వినపడదు. రాజీ కాగితం మీద సంతకం పెట్టే ముందు, పరిహారం ఎంత వచ్చింది, ఎంత రావాలన్నది లెక్క చూసుకోవాలి. హత్య కేసులో 2016 నిబంధనల ప్రకారం 8 లక్షల 25 వేలు. అందులో సగం పోస్టుమార్టం తర్వాత, సగం చార్జిషీట్ కోర్టుకు వెళ్లాక. కులం పేరుతో తిట్టిన కేసులో లక్ష. పాతిక శాతం ఎఫ్ఐఆర్‌తో, సగం చార్జిషీట్‌తో, మిగతా పాతిక శిక్ష పడితే. ఇది కలెక్టర్ దయ కాదు, రాజీకి ప్రతిఫలమూ కాదు.

స్టేషన్‌లో చావు, సాక్షి ప్రాణం

మళ్లీ మంథనికి వద్దాం. కస్టడీలో మనిషి చనిపోతే పోలీసు విచారణతో సరిపెట్టడానికి వీల్లేదు. 2006 జూన్ నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 176(1ఏ), ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 196 ప్రకారం జుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణ జరగాలి. కుటుంబం సాధ్యమైనంతవరకు అక్కడ ఉండాలి. ఖానాపూర్‌లో జరిగినట్టు రెండో పోస్టుమార్టం మాత్రం ఏ సెక్షన్ కిందా హక్కుగా లేదు. రాజ్యాంగంలోని 226 అధికరణ కింద హైకోర్టుకు వెళ్లే సాధించాలి. శవాన్ని దహనం చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. అనుమానం ఉన్న చోట పూడ్చిపెట్టమని కుటుంబానికి చెప్పాల్సి రావడం ఎంత కష్టమో, ఆ రోజు వాడకు వెళ్లినవాళ్లకు తెలుసు.

సాక్షుల సంగతి. 2018 డిసెంబర్ 5న మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి, పార్లమెంటు చట్టం చేసేదాకా అదే దేశమంతటా చట్టమని చెప్పింది. సాక్షి దరఖాస్తు పెట్టుకుంటే, ప్రమాదం ఎంతుందో స్థానిక ఏసీపీ లేదా డీఎస్పీ నివేదిక ఇవ్వాలి. దాన్ని బట్టి జిల్లా సెషన్స్ జడ్జి అధ్యక్షతన ఉన్న కమిటీ రక్షణ ఉత్తర్వు ఇస్తుంది. అట్రాసిటీ కేసుల్లో 15ఏ కూడా బాధితులకు, వాళ్ల మీద ఆధారపడ్డవాళ్లకు, సాక్షులకు రక్షణ ప్రభుత్వ బాధ్యత అంటుంది. న్యాయవాది ఈ మాటల్లో ఎక్కడా లేడు. ఫిర్యాదు రాసిపెట్టినవాడు, వ్యాజ్యం వేసినవాడు, వాడకు వెళ్లి వివరాలు సేకరించినవాడు లేడు. అలాంటివాళ్లకు బెదిరింపు వస్తే తామే సాక్షులమని చూపించుకొని దరఖాస్తు పెట్టుకోవడం తప్ప ఇప్పటికి వేరే దారి లేదు. ఆ దరఖాస్తు నకలు, అందినట్టు సంతకం, తేదీ దగ్గర పెట్టుకోండి.